కొత్త దంపతులు కలిసి జర్మనీకి చదువుకు వెళ్ళాలంటే

మా ఇంట్లో ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. అట్ట చిరిగితే టేపు వేశాం. ఎడమవైపు పేజీల్లో ప్రార్థన అవసరతలు, కుడివైపు పేజీల్లో డబ్బు లెక్కలు, తారీఖులు, కాగితాల వివరాలు. గుంటూరులో మా పెళ్ళైన ఆరో నెలలో మొదలుపెట్టి, జర్మనీలోని మాగ్దెబర్గ్‌లో ఇద్దరి చదువులూ అయ్యేదాకా రాశాం. మా సంఘంలోంచో బంధువుల్లోంచో ఎవరో ఒక జంట ఫోన్ చేసి, "అక్కా, మేమూ వెళ్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళకి ఆ పుస్తకం తెరిచి చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

ప్రార్థన వేరు, లెక్క వేరు అనుకోవద్దు. లూకా సువార్త 14వ అధ్యాయంలో గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని చెప్పింది యేసు ప్రభువే. అందుకే మేం రెండూ ఒకే పుస్తకంలో రాసుకున్నాం.

1. ముందు ఇద్దరి మనసూ తేల్చుకోండి

ఇద్దరూ వేరువేరు కాగితాలు తీసుకోండి. ఒకరు రాసేది ఒకరు చూడకుండా మూడు ప్రశ్నలకి జవాబు రాయండి. నేను ఎందుకు వెళ్ళాలనుకుంటున్నాను? వెళ్తే ఇక్కడ ఏం వదులుకోవాలి? ఒకరికే అడ్మిషన్ వస్తే ఏం చేద్దాం? తర్వాత కలిసి చదువుకోండి.

మేం ఇది చేసినప్పుడు నాకు నిజంగా ఆశ్చర్యమేసింది. నాకు వెళ్ళాలని బాగా ఉందని ఆయన అనుకుంటున్నారు. ఆయనకి ఇష్టం కదా అని నేను సరేనంటున్నాను. ఆరు నెలలుగా ఇద్దరం ఒకరి కోసం ఒకరం తలూపుతున్నాం! ఆ రాత్రి మళ్ళీ మొదటినుంచి మాట్లాడుకున్నాం. నేను ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం మానేసి ఆయన వెంట ఊరికే వెళ్ళడం కాదు, నేను కూడా ఎమ్మెస్‌కి అప్లై చేయాలి అన్నది అప్పుడే తేలింది. భార్య చదువు, భార్య ఉద్యోగం కూడా లెక్కలోకి రావాలి. అబ్బాయి కెరీర్ ఒక్కటే దేవుని పిలుపు, అమ్మాయి సామానుతోపాటు వెళ్ళేది అన్నట్టు పెద్దలు మాట్లాడితే గౌరవంగానే కాదని చెప్పండి. అబ్రాహాము బయలుదేరినప్పుడు శారా కూడా తన ఊరు, తన వాళ్ళని వదిలే బయలుదేరింది.

ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో, కొత్తగా పెళ్ళైనవాడు ఏడాదిపాటు యుద్ధానికి వెళ్ళకుండా ఇంట్లో ఉండి భార్యని సంతోషపెట్టాలని ఒక మాట ఉంది. పెళ్ళైన మూడో నెలలో ఒకరు ఫ్లైట్ ఎక్కి, ఇంకొకరు అత్తగారింట్లో ఏడాదిన్నర ఎదురుచూసే ఏర్పాటు నాకు నచ్చదు. తప్పనిసరైతే సరే. ఒక సెమిస్టర్ ఆగితే ఇద్దరూ కలిసి వెళ్ళే వీలుంటే మాత్రం ఆగండి.

ఇంకొకటి. "వీసా వస్తే దేవుని చిత్తం, రాకపోతే కాదు" అని చాలామంది అంటారు. వీసా ఆఫీసర్ చూసేది మన కాగితాలు. బ్యాంకులో డబ్బు తక్కువై రిజెక్ట్ అయితే ఆ తప్పు దేవుని మీద వేయకూడదు. చిత్తం తెలుసుకోవడానికి వాక్యం ఉంది, ప్రార్థన ఉంది, మీ ఇద్దరి సమాధానం ఉంది, పెద్దల ఆలోచన ఉంది. మీ అయ్యగారితో, రెండువైపుల తల్లిదండ్రులతో, అక్కడే చదువుకుంటున్న ఒకరితో మాట్లాడండి. అడ్మిషన్ చేతికి రాకముందే సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పేయకండి. ఆ తర్వాత ప్రతి ఆదివారం "ఎప్పుడు ప్రయాణం?" అనే ప్రశ్నకి జవాబు చెప్పలేక టెన్షన్ పడతారు.

2. ఏ దేశం, ఏ దారి

జంటగా వెళ్ళేవాళ్ళు చూడాల్సింది ర్యాంకులకంటే ముందు రెండో మనిషి పరిస్థితి. బ్రిటన్‌లో 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సుకి వెళ్ళేవాళ్ళు భార్యనో భర్తనో డిపెండెంట్‌గా తీసుకెళ్ళడానికి లేదు. అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వెంట ఎఫ్-2 మీద వెళ్ళిన భార్యగానీ భర్తగానీ ఉద్యోగం చేయకూడదు. జర్మనీలో కుటుంబ వీసా మీద చేరినవాళ్ళకి పని చేసుకునే హక్కు ఉంటుంది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలపు సెమిస్టర్ నుంచి ఫీజు పెట్టింది. మేం జర్మనీ ఎంచుకున్నది ఈ లెక్కల మీదే.

అక్కడికి వెళ్ళడానికి జంటకి రెండు దారులు. ఇద్దరూ అడ్మిషన్ తెచ్చుకుని ఇద్దరూ స్టూడెంట్ వీసా మీద వెళ్ళడం ఒకటి. ఒకరు స్టూడెంట్ వీసా మీద, రెండోవాళ్ళు కుటుంబ వీసా మీద వెళ్ళడం ఇంకొకటి. రెండో దారిలో వెళ్ళేవారికి సాధారణంగా జర్మన్ భాషలో ఏ1, అంటే మొదటి మెట్టు పరీక్ష సర్టిఫికెట్ కావాలి. హైదరాబాద్‌లో గోథే-జెంట్రుమ్‌లో నేర్పిస్తారు. ఏ దారైనా ఇద్దరూ జర్మన్ మొదలుపెట్టండి. క్లాసులు ఇంగ్లిష్‌లో ఉన్నా ఇంటి ఓనరు, డాక్టరు, సూపర్‌మార్కెట్ అన్నీ జర్మన్‌లోనే.

ఇద్దరికీ అడ్మిషన్ కావాలంటే ఒకే ఊరు, లేదా రైల్లో గంటలోపు ఉండే రెండు ఊళ్ళు చూసుకోండి. కోర్సుకి పేరుందని ఒకరు ఆఖెన్‌లో, ఒకరు డ్రెస్డెన్‌లో చేరితే రెండు అద్దెలు, వారానికోసారి కలుసుకోవడం. అది కాపురం కాదు.

3. కాగితాలు: ఏడాది ముందే మొదలుపెట్టండి

మన క్రైస్తవ కుటుంబాల్లో చాలా జంటలు ఇబ్బంది పడేది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

పేర్లు. టెన్త్ మెమోలో ఒక పేరు, బాప్తిస్మం తీసుకున్నప్పుడు పెట్టిన పేరు ఇంకొకటి, ఇంట్లో పిలిచేది మరొకటి. మా పెళ్ళి సర్టిఫికెట్‌లో నా బాప్తిస్మ పేరు రాశారు. పాస్‌పోర్టులో, డిగ్రీలో ఉన్నది స్కూల్లో వేసిన పేరు. సంతకం పెట్టేరోజు పూలదండలు, ఫొటోల హడావిడిలో ఎవరం చూడలేదు. అది దిద్దించడానికి నాలుగు నెలలు తిరిగాం. మీ పెళ్ళి ఇంకా కాకపోతే, రిజిస్టర్‌లో పేరు రాసేటప్పుడు టెన్త్ మెమో జిరాక్సు అయ్యగారి చేతికివ్వండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నా, ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉన్నా ముందే సరిచేయించుకోండి. అక్కడ ప్రతి ఫారంలో ఇంటిపేరు, సొంతపేరు విడివిడిగా అడుగుతారు. అప్లై చేసే ఏడాదిలో మాత్రం భర్త ఇంటిపేరుకి పాస్‌పోర్టు మార్చుకోవద్దని నా సలహా. డిగ్రీ ఒక పేరు మీద, పాస్‌పోర్టు ఇంకో పేరు మీద అయితే ప్రతిచోటా సంజాయిషీ రాసుకోవాలి.

పెళ్ళి సర్టిఫికెట్. మన పెళ్ళిళ్ళు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద జరుగుతాయి. ఆ చట్టం ప్రకారం పెళ్ళి జరిపించే అయ్యగారికి అధికారం ఉండాలి. ఏదో ఒక సంఘానికి కాపరి అయితే చాలదు. స్వతంత్ర సంఘాల్లో పెళ్ళి చేసుకున్నవాళ్ళు ఇది అడిగి తెలుసుకోండి, మొహమాటపడకండి. చర్చిలో ఇచ్చిన పత్రం ఒక్కటే చాలని ఊరుకోకుండా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కూడా తీసుకోండి.

"అపోస్టిల్ వేయిస్తే అయిపోతుంది" అని ఏజెంట్లు చెబుతారు. అపోస్టిల్ అంటే మన కాగితం విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం వేసే ముద్ర. చాలా దేశాలకి అది నిజం. కానీ మన దేశపు అపోస్టిల్‌ని జర్మనీ ఒప్పుకోలేదు. అవసరమనుకుంటే వాళ్ళ కాన్సులేట్ ఇక్కడే విచారణ చేయిస్తుంది. దానికి నెలలు పడుతుంది. అందుకని కుటుంబ వీసాకి వెళ్ళేవాళ్ళు పెళ్ళి ఫొటోలు, శుభలేఖ, చర్చి రిజిస్టర్ నకలు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి.

చదువు కాగితాలు. 2022 నవంబరు నుంచి మన విద్యార్థులు ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. మన మార్కుల మెమోలు, డిగ్రీలు అసలైనవేనని పరిశీలించి ఇచ్చేది. ఫీజు మనిషికి 18,000 రూపాయలు, ఇద్దరూ విద్యార్థులైతే 36,000. తర్వాత చాలా యూనివర్సిటీలు యూని-అసిస్ట్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా అప్లికేషన్ తీసుకుంటాయి. మొదటిదానికి 75 యూరోలు, అదే సెమిస్టర్‌లో తర్వాత ఒక్కోదానికి 30. పది యూనివర్సిటీలకి గుడ్డిగా వేయకుండా ఇద్దరికీ కోర్సులున్న నాలుగైదు ఊళ్ళు ఎంచుకుని వేయండి.

4. డబ్బు

స్టూడెంట్ వీసాకి ఏడాది ఖర్చు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది మనిషికి 11,904 యూరోలు. అక్కడికి వెళ్ళాక నెలకి 992 చొప్పున తిరిగి మన చేతికి వస్తుంది. ఇద్దరు విద్యార్థులకి 23,808. యూరో వంద రూపాయలు వేసుకున్నా 23 లక్షల 80 వేలు. మీరు అప్లై చేసేనాటి మొత్తం మళ్ళీ చూసుకోండి. ఇది కాక విమానం టికెట్లు, చలి బట్టలు, ఇంటి అడ్వాన్సు. అడ్వాన్సుగా మూడు నెలల మూల అద్దె దాకా అడగొచ్చు. ఇల్లు చూడకుండా, తాళం తీసుకోకుండా ఇంటర్నెట్‌లో పరిచయమైనవాళ్ళకి డబ్బు పంపకండి. వాళ్ళు ఎంత మంచి ఇంగ్లిష్‌లో మెయిల్ రాసినా సరే.

జంటకి కలిసొచ్చేవి కొన్ని ఉన్నాయి. టీవీ రేడియో చందా నెలకి 18.36 యూరోలు, అది ఇంటికి ఒకటే. మనిషికొకటి కాదు. ఇద్దరికీ లెటర్ వస్తే ఒకరు కడుతున్నామని జవాబు రాయాలి. ప్రభుత్వ ఆరోగ్య ఇన్సూరెన్స్‌లో సంపాదన లేని భార్యనిగానీ భర్తనిగానీ అదనపు డబ్బు లేకుండా చేర్చుకునే వీలుంది. ఇద్దరూ విద్యార్థులైనా ఈ ప్రశ్న అడగండి. విద్యార్థి రేటు 30 ఏళ్ళ వయసు దాకానే, అది దాటినవాళ్ళకి ఖర్చు ఎక్కువ. స్టూడెంట్ హాస్టళ్ళు నడిపే స్టూడియరెండెన్‌వెర్క్‌కి చాలా ఊళ్ళలో జంటల కోసం చిన్న ఫ్లాట్లు ఉంటాయి. అడ్మిషన్ వచ్చిన రోజే దరఖాస్తు పెట్టండి.

విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదా 280 సగం రోజులు పని చేసుకోవచ్చు. కానీ ఆ సంపాదన మీద ఆశ పెట్టుకుని అప్పు లెక్క వేయకండి. మొదటి సెమిస్టర్‌లో పని దొరక్కపోవచ్చు, దొరికినా చదువు నలుగుతుంది.

తెలంగాణవాళ్ళు మైనారిటీల విదేశీ స్కాలర్‌షిప్ పథకం చూడండి. క్రైస్తవులూ అర్హులే, ఆదాయ పరిమితి ఉంటుంది. పెళ్ళిలో అమ్మాయికి పెట్టిన బంగారం తాకట్టు పెట్టే ఆలోచన ఉంటే ఆ మాట ముందు అమ్మాయి నోటి నుంచి రావాలి. అత్తయ్యగారి నోటి నుంచి కాదు.

దశమభాగం గురించి చాలామంది నన్ను మెల్లగా అడుగుతారు: "అక్కా, లోన్ డబ్బులో కూడా పదోవంతు ఇవ్వాలా?" మా ఇంట్లో మేం తేల్చుకున్నది ఇది. అప్పు మన పంట కాదు, తిరిగి ఇవ్వాల్సిన వేరేవాళ్ళ డబ్బు. సంపాదన మొదలైన రోజు ప్రథమ ఫలం తీశాం. నాకు లైబ్రరీలో పని దొరికి మొదటి జీతం వచ్చినప్పుడు ఎడమ పేజీలో, కుడి పేజీలో ఒకే అంకె రాశాం.

5. దిగిన మొదటి రెండు వారాలు, చర్చి పన్ను

కొత్త ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేసుకోవాలి. దాన్ని అన్మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనరు సంతకం పెట్టిన పత్రం కావాలి, అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి. పాస్‌పోర్టులతోపాటు పెళ్ళి సర్టిఫికెట్ తీసుకెళ్ళండి.

ఆ ఫారంలో మతం అని ఒక గడి ఉంటుంది. మన ఊళ్ళో ఫారంలో 'క్రిస్టియన్' అని రాసినంత తేలికగా అక్కడ రాయకూడదు. కేథలిక్ అనో, ఎవాంగెలిష్ అనో, అంటే లూథరన్ వగైరా ప్రొటెస్టెంట్ సంఘం అనో నమోదైతే, ఆదాయపు పన్ను కట్టే రోజున దానికి అదనంగా చర్చి పన్ను పడుతుంది. బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్‌లలో ఆదాయపు పన్నులో 8 శాతం, మిగతా చోట్ల 9 శాతం. మన జీతంలో 9 శాతం కాదు, కట్టే పన్నులో 9 శాతం. ఆదాయపు పన్ను పడనంత చిన్న సంపాదన ఉన్న విద్యార్థికి ఇది సున్నా. బాప్టిస్టుల్లాంటి స్వతంత్ర సంఘాలు ఈ పన్ను తీసుకోవు, కానుకలతో నడుస్తాయి.

మేం ఏం చేశామో చెప్తాను. మాకు ముందు చేరినవాళ్ళు "మతం లేదు అని రాసేయండి, డబ్బు మిగులుతుంది" అన్నారు. ఆ క్యూలో నిలబడి ఆయన నా వైపు చూశారు. గుంటూరులో లూథరన్ మిషన్ మొదలైంది 1842లో, ఫాదర్ హయ్యర్ అనే మిషనరీ వచ్చినప్పుడు. ఆయన పుట్టిన హెల్మ్‌స్టెడ్ ఊరు మాగ్దెబర్గ్ నుంచి రైల్లో గంటలోపు దూరం. అంత దూరం నుంచి మా ముత్తాతల దగ్గరికి వచ్చిన విశ్వాసాన్ని, ఆయన పుట్టిన నేల మీదే నిలబడి లేదని రాయడానికి నా చెయ్యి రాలేదు. లూథరన్లం అని రాశాం. ఉద్యోగాలు వచ్చాక పన్ను కట్టాం. మీరు ఏ సంఘానికి చెందినవాళ్ళో అదే రాయండి, నిజమే రాయండి. ఆ గడి అర్థం మాత్రం ముందే తెలుసుకుని, ఇంట్లోనే మాట్లాడుకుని వెళ్ళండి.

6. సంఘం వెతుక్కోవడం

మొదటి ఆదివారమే వెళ్ళండి. సామాను సర్దుకున్నాక, జర్మన్ వచ్చాక అని ఆగితే మూడు నెలలు గడిచిపోతాయి.

అక్కడి ఆరాధన చూసి కంగారుపడకండి. సౌండ్ బాక్సులు, డప్పులు, మూడు గంటల వర్తమానం ఉండవు. ఆర్గన్ వాయిస్తారు, గంటలో ముగుస్తుంది. తూర్పు జర్మనీలో సంఘ సభ్యులు తక్కువ. పెద్ద రాతి గుడిలో ముప్పైమంది పెద్దవాళ్ళ మధ్య మేమిద్దరమే నల్లజుట్టువాళ్ళం. ఒక్క మాట అర్థం కాలేదు. కానీ ప్రభువు నేర్పిన ప్రార్థన వచ్చినప్పుడు ఆ లయ తెలిసిపోయింది. వాళ్ళు జర్మన్‌లో, మేం తెలుగులో, ఆమెన్ దగ్గర కలిశాం. బయటికి వస్తుంటే ఒక బామ్మగారు మా ఇద్దరి చేతులూ పట్టుకుని ఏదో అన్నారు. వచ్చేవారం ఆమె పక్కనే కూర్చున్నాం. తర్వాత మా జర్మన్ టీచరు ఆవిడే.

యూనివర్సిటీ ఊళ్ళలో విద్యార్థుల సంఘాలుంటాయి. ప్రొటెస్టెంట్లది ఈఎస్‌గే, కేథలిక్కులది కాహాగే. వారం మధ్యలో కలుస్తారు, కలిసి వండుకుంటారు. ఇబ్బందిలో పడ్డ విదేశీ విద్యార్థులకి అత్యవసర సహాయ నిధి కూడా ఉంటుంది. డబ్బు అయిపోయి ఇంటికి చెప్పలేక లోపల కుమిలిపోయే పిల్లల్ని చూశాను. అడగడానికి సిగ్గుపడకండి.

పెద్ద నగరాల్లో తెలుగు ప్రార్థన కూడికలు ఉంటాయి. నెలకోసారి వెళ్ళి పప్పుచారు తిని, తెలుగు పాటలు పాడుకుని రండి. అదొక్కటే మీ సంఘం చేసుకోకండి. యిర్మీయా 29వ అధ్యాయంలో, చెరలో ఉన్నవాళ్ళకి కూడా ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని దేవుడు చెప్పించాడు. ఆ ఊరివాళ్ళతో కలవకుండా అది ఎలా చేస్తాం?

7. ఇంట్లో

వంట, అంట్లు, బట్టలు ఇద్దరికీ సగం సగం. ఇద్దరికీ పరీక్షలున్న వారం ఇది గొడవకి మొదటి కారణం, అందుకే ముందే రాసుకోండి. ఒకరు పరీక్ష తప్పితే ఇంకొకరు ఆ రోజు తన మార్కుల మాట ఎత్తకండి. జర్మనీలో మంచి విద్యార్థులూ తప్పుతారు. ఒకే పరీక్షకి అవకాశాలకి లెక్క ఉంటుంది, మీ కోర్సు నిబంధనల్లో చూసుకోండి.

"పిల్లలెప్పుడు?" అని ఇంటినుంచి అడుగుతారు. దానికి ఇద్దరూ ఒకే జవాబు చెప్పండి. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల దాకా గడువు ఇస్తారు. ఆ లెక్క చూసుకుని మీరే నిర్ణయించుకోండి.

నవంబరులో సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. మొదటి చలికాలం నాకు కారణం లేకుండా ఏడుపొచ్చేది. అది అవిశ్వాసం అనుకుని ఎవరికీ చెప్పలేదు. అలా చేయకండి. మీవాళ్ళకి చెప్పండి, డాక్టరుకి చెప్పండి, మధ్యాహ్నం వెలుతురున్నప్పుడు ఇద్దరూ కలిసి నడవండి. యూనివర్సిటీలో ఉచితంగా మాట్లాడే కౌన్సెలర్లు ఉంటారు.

కుటుంబ ప్రార్థనకి ఇంటివాళ్ళతో ఒక టైం పెట్టుకోండి. మాది ఇండియాలో రాత్రి తొమ్మిది. చలికాలంలో అక్కడ సాయంత్రం నాలుగున్నర, ఎండాకాలంలో ఐదున్నర. అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి, మార్చి చివరి ఆదివారం గంట ముందుకి జరుపుతారు. ఆ రెండు ఆదివారాలకి ముందురోజే ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. మేం మొదటి ఏడాది మర్చిపోయాం. అమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని, ఫోను వంక చూస్తూ గంటసేపు కూర్చుందట.